మీ ఊరి వాన ఎవరు కొలిచారు?

ఫోనులో వాతావరణ యాప్ తెరిచి ఏ పల్లె పేరు కొట్టినా గంటగంటకూ వాన పడే అవకాశం, ఎండ, గాలి వేగం, తేమ వరసగా వచ్చేస్తాయి. పది పదిహేను రోజుల తర్వాతి సంగతి కూడా రేపటి సంగతి చెప్పినంత ధీమాగానే చూపిస్తుంది. ఆ పల్లెలో వానమాపకం ఉండకపోవచ్చు, థర్మామీటరు ఉండకపోవచ్చు, అక్కడి ఆకాశాన్ని చూసి రాసి పంపేవారు ఎన్నడూ ఉండి ఉండకపోవచ్చు. అయినా అంకెలు వస్తూనే ఉంటాయి. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయని అడిగేవారు తక్కువ. ఏ యాప్ నమ్మకమైనదని అడిగేవారే ఎక్కువ. ఈ రెండో ప్రశ్నకు నిలకడైన జవాబు లేదు. ఒకే యాప్ రేపటి ఎండ విషయంలో నమ్మదగ్గదిగా ఉంటుంది, ఎల్లుండి సాయంత్రపు ఉరుముల వాన విషయంలో దారి తప్పిస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే వాతావరణ సమాచారాన్ని మొత్తంగా సమీక్షిస్తే నాకు తేలింది ఇది: అంకె వెనక ఉన్న కొలత ఎంత దగ్గరిది, అంచనా ఎన్ని రోజుల ముందుది, దాన్ని బట్టి తీసుకోబోయే నిర్ణయం ఏది అన్న మూడూ తెలిసినప్పుడే ఆ సమాచారం అక్కరకొస్తుంది. ఈ మూడింటినీ చూసేవారికి తెలియనిచ్చే వేదికలు కొన్నే. ఆ కొరత తీర్చగలిగినదే, ముందు తీర్చాల్సినది ప్రభుత్వాలే.

అన్నిటికీ మూలం కొలత. భారత వాతావరణ విభాగం 1875లో ఏర్పడింది. ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకా పడిన వానను అది ఒక రోజు లెక్కగా తీసుకుని, ముగిసిన తేదీ కింద రాస్తుంది. ఈ పద్ధతి తెలియనివారికి ముందు రోజు సాయంత్రం కురిసిన వాన మర్నాటి పట్టికలో ఎందుకుందో అర్థం కాదు. స్థలం సంగతి ఇంకా ముఖ్యం. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌ను ముంచిన వానలో బేగంపేట కేంద్రం దగ్గర 19 సెంటీమీటర్లు నమోదైంది. నగరానికి తూర్పు అంచున ఘట్‌కేసర్ మండలంలో రాష్ట్ర ప్రణాళికా సొసైటీ పెట్టిన స్వయంచాలక కేంద్రం 32 సెంటీమీటర్లు చూపింది. రెండింటి మధ్య దూరం పాతిక కిలోమీటర్లు. నగరంలో ఎంత వాన పడిందంటే రెండూ నిజమైన జవాబులే, ఉప్పల్ వైపు ఉన్నవారికి మాత్రం రెండోదే పనికొచ్చేది. 2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో అంతకుముందు అంత వాన ఎక్కడా నమోదు కాలేదు. వాతావరణ విభాగం లెక్కలో 204.4 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం, ఇది దానికి మూడు రెట్ల పైమాటే. అక్కడ ఆ యంత్రం లేకపోతే ఆ వాన ఊరివాళ్ల మాటల్లో మిగిలేది తప్ప లెక్కలోకి వచ్చేది కాదు.

అందుకే తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో చేసిన పనిని తక్కువ చేయకూడదు. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సొసైటీకి వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా రాష్ట్ర ప్రణాళికా సొసైటీ, విపత్తు నిర్వహణ సంస్థ మండల స్థాయి కొలతలను, వడగాడ్పుల హెచ్చరికలను ఇస్తున్నాయి. తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో మండలాలవారీ రోజువారీ వాన, ఉష్ణోగ్రతల పట్టికలు ఎవరైనా దించుకుని లెక్క కట్టుకునే రూపంలో ఉన్నాయి. దేశంలో చాలా రాష్ట్రాలు ఇంత దూరం రాలేదు. కొలత బహిరంగంగా ఉండడం తీరిక ఉన్నవారి కుతూహలానికి మాత్రమే పనికొచ్చే విషయమని ఎవరైనా అనుకుంటే వాతావరణ ఆధారిత పంటల బీమాను చూడాలి. అందులో పరిహారం నిర్ణయమయ్యేది రైతు పొలంలో జరిగిన నష్టాన్ని చూసి కాదు, ఆ ప్రాంతానికి కేటాయించిన కేంద్రంలో నమోదైన వాన, ఎండ అంకెలను బట్టి. వానమాపకంలో ఆకు పడి గొట్టం మూసుకుపోతే యంత్రం సున్నా చూపిస్తుంది, పక్షి గూడు పెడితే ఇంకోలా చూపిస్తుంది. ఆ అంకెను రైతు ఏ రోజుకారోజు చూడగలిగితేనే తప్పును ఆ వారంలోనే అడగగలడు. పంట చేతికి రాకుండా పోయాక అడిగితే అది వివాదమే అవుతుంది.

కొలత తర్వాత అంచనా. యాప్‌లు చూపే అంకెల్లో ఎక్కువ భాగం కొద్ది సంస్థల కంప్యూటర్ నమూనాల నుంచి వచ్చేవే. యూరప్ దేశాల మధ్యశ్రేణి అంచనా కేంద్రం తన ప్రధాన నమూనాలో భూమిని సుమారు 9 కిలోమీటర్ల గళ్లుగా విడదీసి లెక్కిస్తుంది. అమెరికా వారి జీఎఫ్ఎస్ నమూనా గడి సుమారు 13 కిలోమీటర్లు. మన దేశం 2025 మేలో 6 కిలోమీటర్ల గళ్లతో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ను మొదలుపెట్టింది. గడి మొత్తానికి ఒకే విలువ ఉంటుంది. యాప్ చేసేది ఆ విలువను, లేదా పక్క గళ్లతో కలిపి సరిచేసిన విలువను, మన ఊరి పేరు మీద రాయడం. వేసవి సాయంత్రం కుమ్మరించే ఉరుముల మేఘం కొద్ది కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, గంటా రెండు గంటల్లో పుట్టి కరిగిపోతుంది. అది ఏ ఊరి మీద కురుస్తుందో ముందు రోజే చెప్పగల శక్తి ఈ గళ్లకు లేదు. ఈ రోజు ఈ ప్రాంతంలో అలాంటి మేఘాలు కట్టే పరిస్థితి ఉందని చెప్పడం వరకే వాటి బలం. కాబట్టి యాప్‌లో నాలుగు గంటలకు 40 శాతం అని కనబడితే, ఇలాంటి పరిస్థితులున్న పది రోజుల్లో నాలుగు రోజులు వాన పడొచ్చన్నది దాని భావం. నాలుగింటికి వాన రాకపోతే అంచనా తప్పినట్టు కాదు. అలాంటి రోజులు వంద కూడబెట్టి, వాటిలో నలభైకి దగ్గరగా వాన పడిందా లేదా అని చూస్తేనే ఒప్పూ తప్పూ తేలేది. ఆ లెక్క తన వాడుకరులకు చూపించే యాప్ అరుదు.

అంచనాలు ఎప్పటికీ ఇంతేనని నిరాశ పడడానికి మాత్రం ఆధారం లేదు. గత కొన్ని దశాబ్దాలుగా ప్రపంచ నమూనాల సామర్థ్యం పదేళ్లకు ఒక రోజు చొప్పున పెరుగుతూ వచ్చింది. అంటే ఒకప్పటి మూడు రోజుల ముందు అంచనాకు ఉన్న నాణ్యత ఇప్పుడు అయిదారు రోజుల ముందు అంచనాకు ఉంది. దీని ఫలితం తెలుగువారికి తుఫానుల్లో తెలిసింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. 1996 నవంబరులో కోనసీమ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నం మీద తీరం దాటి నగరాన్ని ఛిన్నాభిన్నం చేసినా మరణాలు పదుల సంఖ్య దగ్గర ఆగాయి. ఉపగ్రహాలు, మచిలీపట్నం, విశాఖ రాడార్లు, నమూనాలు, తుఫాను షెల్టర్లు, జనాన్ని తరలించిన యంత్రాంగం కలిసి సాధించిన ఫలితం ఇది. వాతావరణ విభాగం ఎప్పుడూ తప్పే చెబుతుందనే మాట మన దగ్గర చాలా సులువుగా దొర్లుతుంది. తుఫానుల రికార్డు ముందు ఆ మాట నిలవదు.

అయితే తుఫాను సమాచారాన్ని చదవడంలోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. తుఫాను కేంద్రం ఎక్కడుంటుందన్న విషయంలో 24 గంటల ముందు అంచనాకు సగటున 75 కిలోమీటర్లకు అటూఇటూ తేడా ఉంటుంది. బాపట్లకూ మచిలీపట్నానికీ మధ్య నేరుగా ఉన్న దూరం దాదాపు అంతే. మూడు రోజుల ముందైతే తేడా రెట్టింపు. అందుకే అధికారిక పటంలో గీతతో పాటు చుట్టూ వెడల్పయ్యే శంకువు ఆకారం గీస్తారు. టీవీలో, వాట్సాప్‌లో తిరిగేటప్పుడు శంకువు మాయమై గీత మాత్రం మిగులుతుంది. గీత తమ ఊరికి తగలలేదని ధీమాగా ఉన్నవారు శంకువులోనే ఉండొచ్చు. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలదీ ఇదే కథ. అయిదు, ఆరు, ఏడు నంబర్లు ఒకే స్థాయి ప్రమాదానికి చెందినవి. తుఫాను రేవుకు ఏ పక్కగా పోతుందో, రేవు మీదుగానే పోతుందో చెప్పడానికే నంబరు మారుతుంది. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే. ఓడల వారి కోసం పెట్టిన ఈ పద్ధతిని వార్తల్లో తుఫాను బలానికి కొలమానంలా చదివితే నంబరు పెరిగిన ప్రతిసారీ తుఫాను ముదిరిందనిపిస్తుంది. ఇక బంగాళాఖాతంలో పది రోజుల తర్వాత భీకర తుఫాను అంటూ ఏదో ఒక నమూనా చూపిన పటాన్ని పంచుకోవడం ఒక అలవాటైంది. అంత ముందు ఒక్క నమూనా ఒక్క పూట చూపిన పటానికి విలువ చాలా తక్కువ. కొద్దిగా తేడా గల ఆరంభ పరిస్థితులతో ఒకే నమూనాను యాభై సార్లు నడిపి, వాటిలో ఎన్నింటిలో తుఫాను పుట్టిందో చూడడమే దానికి సరైన పద్ధతి. యూరప్ కేంద్రం అలాగే చేస్తుంది, ఆ ఫలితాల పటాలు ఇప్పుడు అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి.

రోజువారీ హెచ్చరికల విషయానికొస్తే పసుపు, నారింజ, ఎరుపు రంగులు అందరికీ పరిచయమే. ఆ రంగు జిల్లా మొత్తానికి వేస్తారు. పక్కనే ఒకటి రెండు చోట్ల, కొన్ని చోట్ల, అనేక చోట్ల, చాలా చోట్ల అనే మాట ఉంటుంది. దాన్ని చదవకుండా వదిలేయడం వల్లే వాతావరణ విభాగం మీద అపనమ్మకం పెరుగుతోందని నేను భావిస్తాను. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని లెక్క. ఒకటి రెండు చోట్ల భారీ వర్షం అని హెచ్చరించిన రోజున జిల్లాలో మూడొంతుల మంది చుక్క కూడా చూడకపోవచ్చు, హెచ్చరిక అప్పటికీ సరైనదే. రంగు చూపించే ప్రతి వేదికా ఈ మాటను కూడా అంతే పెద్ద అక్షరాల్లో చూపించాలి.

వాన అంచనాకూ వరద అంచనాకూ మధ్య దూరం ఇంకా పెద్దది. ఈ విషయంలో భద్రాచలం కంటే మంచి పాఠం లేదు. గోదావరి అక్కడ 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3 అడుగులు. ఆ పట్టణంలో ఎవరిని అడిగినా ఏ అంకెకు ఏ రోడ్డు మునుగుతుందో చెబుతారు. కేంద్ర జల సంఘం నీటిమట్టాన్ని ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో పెడుతుంది, మున్ముందు ఎంతకు పెరుగుతుందో అంచనా ఇస్తుంది, ఆ నీరు ధవళేశ్వరం చేరేలోగా దిగువన సర్దుకోవడానికి వ్యవధి చిక్కుతుంది. ఇక్కడ సమాచారం పనిచేస్తోందంటే కారణాలు కనబడుతూనే ఉన్నాయి: కొలిచే చోటు అందరికీ తెలుసు, పాత రికార్డు అందరికీ తెలుసు, ఏ అంకెకు ఏం చేయాలో ముందే ఒప్పందమై ఉంది. దీనికి పక్కన 2024 సెప్టెంబరు మొదటి రోజుల విజయవాడను పెట్టి చూడాలి. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు వరద వచ్చింది. నగరంలో సింగ్‌నగర్ వంటి కాలనీలను రోజుల తరబడి ముంచింది మాత్రం గండ్లు పడిన బుడమేరు వాగు. అత్యంత భారీ వర్షం అనే హెచ్చరిక ఎంత సరిగ్గా ఉన్నా, మా వీధిలోకి నీళ్లు వస్తాయా, ఎంత ఎత్తు వస్తాయి, ఎటు పోవాలి అన్న ప్రశ్నలకు అది జవాబు చెప్పలేదు. పెద్ద నదికి ఉన్న కొలబద్ద, పాత రికార్డు, అంగీకరించిన అంకెలు ఊళ్ల మధ్య నుంచి పారే వాగులకు కూడా కావాలి. ఖమ్మంలో మున్నేరు పక్కన ఉన్నవారికీ ఈ మాట వర్తిస్తుంది.

వ్యవసాయంలో ఈ ప్రశ్న మరింత లోతైనది, ఎందుకంటే అక్కడ నిర్ణయం ఒక్కసారే. పత్తి గింజ నేలలో పడ్డాక వెనక్కి తీసుకోలేం. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో మొదలవుతుంది, నైరుతి రుతుపవనాలు తెలుగు నేలకు వచ్చేదీ దాదాపు అప్పుడే. కార్తెల పరిజ్ఞానం తరతరాల సగటు, అంటే అది శీతోష్ణస్థితి గురించిన సమాచారం. సగటుగా ఎప్పుడు వాన వస్తుందో అది చెబుతుంది, ఈ ఏడాది ఎప్పుడు వస్తుందో చెప్పలేదు. అనుభవం ఉన్న రైతుకు ఆన్‌లైన్ అంచనాలు అక్కర్లేదనే వాదనకు ఇదే నా సమాధానం. 2025లో రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి, తర్వాత చాలా రోజులు ముందుకు కదలకుండా ఆగిపోయాయి. తొలి జల్లులకు తొందరపడి విత్తితే మొలక ఎండిపోయే సందర్భం అది. కనీసం 60, 70 మిల్లీమీటర్ల వాన పడి నేల తడిశాకే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెప్పేది ఇందుకే. ఆ ఏడాదే కేంద్ర వ్యవసాయ శాఖ కృత్రిమ మేధ నమూనాల ఆధారంగా రుతుపవనాల రాకను అంచనా కట్టి, 13 రాష్ట్రాల్లో సుమారు 3.8 కోట్ల మంది రైతులకు సంక్షిప్త సందేశాలు పంపింది. అంతకుముందు తెలంగాణలో 250 గ్రామాల్లో అర్థశాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగం ఇంకా విలువైనది. రుతుపవనాలు ఎప్పుడొస్తాయో చాలా ముందుగా చెప్పినప్పుడు, తాము అనుకున్నదానికంటే ఆలస్యమని తెలిసినవారు సాగు విస్తీర్ణం తగ్గించుకున్నారు, తొందరగా వస్తాయని తెలిసినవారు పెట్టుబడి పెంచారు. అంచనాను రైతులు అర్థం చేసుకోలేరనే మాటకు ఇంతకంటే గట్టి జవాబు అక్కర్లేదు.

అలాంటప్పుడు జిల్లా స్థాయిలో సలహా ఇచ్చే మనుషులను తీసేయడం తప్పు నిర్ణయమని చెప్పక తప్పదు. కృషి విజ్ఞాన కేంద్రాల్లో పనిచేసిన 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను 2023-24 ఆర్థిక సంవత్సరం చివరికి కేంద్రం మూసేసింది. మంగళ, శుక్రవారాల్లో వచ్చే బులెటిన్లు కొనసాగుతూనే ఉన్నాయి, మేఘదూత్ యాప్ ఉంది. కానీ అయిదు రోజుల వాన అంచనాను అనంతపురం వేరుశనగకూ, అదే అంచనాను కృష్ణా డెల్టా వరికీ వేర్వేరు సలహాలుగా మార్చాలంటే ఆ నేల తెలిసినవారు కావాలి. మందు ఎప్పుడు చల్లాలి, కోత ఎప్పుడు ఆపాలి అన్నవి అంచనాలోంచి వాటంతటవే పుట్టవు. సముద్రంలోకి వెళ్లేవారి విషయంలో హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తును, చేపలు దొరికే తావులను మత్స్యకారుల భాషలో వారికి అర్థమయ్యే రీతిలో ఇవ్వగలుగుతోంది. నేల మీద అది అసాధ్యమనడానికి కారణం కనబడదు.

రేపటి వాన ఒక ప్రశ్న, ముప్పై ఏళ్లలో మన ప్రాంతం ఎలా మారిందన్నది మరో ప్రశ్న. రెండో దానికి కావాల్సిన సరంజామా చాలామంది అనుకునేదానికంటే సులువుగా దొరుకుతుంది. పుణెలోని వాతావరణ విభాగం కార్యాలయం 1901 నుంచి దేశమంతటి రోజువారీ వానను పావు డిగ్రీ గళ్లలో ఉచితంగా ఇస్తోంది. 1989 నుంచి 2018 వరకు వానల్లో వచ్చిన మార్పులపై రాష్ట్రాలవారీ నివేదికలూ ఉన్నాయి, జిల్లాల పటాలతో సహా. పాత కొలతలను నమూనాతో కలిపి యూరప్ వారు తయారుచేసిన ఈఆర్ఏ5 సమాచారం 1940 నుంచి గంటగంటకూ ఉంది. వీటితో ఎవరైనా తమ జిల్లా చరిత్ర రాయవచ్చు, కళాశాల విద్యార్థులు రాయాలి కూడా. కానీ పావు డిగ్రీ గడి అంటే మూడు నాలుగు మండలాలంత నేల, ఈఆర్ఏ5 గడి దానికంటే కొంచెం పెద్దది. ఒక ఊరికి ఆ అంకెను అంటగట్టకూడదు. మొత్తాలు, సగటులు కూడా మోసం చేస్తాయి. లక్ష్మీదేవిపేట రికార్డు నెలకొన్న వారంలోపే మొదలైన 2023 ఆగస్టు, 1901 తర్వాత దేశంలో అత్యంత పొడి ఆగస్టు. సాధారణం కంటే 36 శాతం తక్కువ వాన పడింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒకే మొత్తంగా చూస్తే సాధారణంలో 94 శాతం అనే మామూలు అంకె వస్తుంది, అందులో వరదా కనబడదు, ఎండిన చేనూ కనబడదు. పదేళ్ల రికార్డు పట్టుకుని వాతావరణం మారిందనో, మారలేదనో తేల్చేవారి మాటను పక్కన పెట్టాలి. కనీసం ముప్పై ఏళ్లు, సాధ్యమైతే అరవై ఏళ్లు చూడాలి.

కృత్రిమ మేధ వచ్చాక ఊరూరా కొలతలు అక్కర్లేదని, నమూనాలే అన్నీ చెబుతాయని ఒక వాదన వినబడుతోంది. యూరప్ కేంద్రం 2025 ఫిబ్రవరి నుంచి తన కృత్రిమ మేధ నమూనాను రోజువారీ పనిలో పెట్టింది, కొన్ని విషయాల్లో అది పాత పద్ధతి నమూనాను మించుతోంది కూడా. కానీ ఇలాంటి నమూనాలు నేర్చుకున్నది ఈఆర్ఏ5 వంటి గత సమాచారం నుంచి, ఆ సమాచారం తయారైంది కొలతల నుంచి. అవి ఒప్పో తప్పో తేల్చేది కూడా రేపటి కొలతే. నమూనా ఎంత తెలివైనదైతే దాన్ని పరీక్షించే వానమాపకాలు అంత దట్టంగా కావాలి. ఇంకో అభ్యంతరం అధికారుల వైపు నుంచి వస్తుంది: కొలతలను, పాత అంచనాలను బయట పెడితే వాటిని వక్రీకరించి భయం పుట్టించేవారు పెరుగుతారని. భయం పుట్టించేవారికి ఇప్పుడు కూడా పటాల కొరత లేదు. వారి మాట తప్పని చూపించడానికి జనం చేతిలో ఆధారం లేకపోవడమే కొరత. వాతావరణం మీద మక్కువతో సామాజిక మాధ్యమాల్లో తెలుగులో వివరించే యువకులు చాలామంది చక్కగా పనిచేస్తున్నారు. తెరిచి ఉన్న సమాచారం వారి పనిని మరింత నమ్మకమైనదిగా చేస్తుంది.

రెండు రాష్ట్ర ప్రభుత్వాలను, వాతావరణ విభాగాన్ని కోరాల్సింది స్పష్టంగానే ఉంది. ప్రతి స్వయంచాలక కేంద్రం కొలతను, అది పెట్టిన మొదటి రోజు నుంచి, బొమ్మగా కాకుండా లెక్కకు పనికొచ్చే పట్టికగా ఉంచాలి. యంత్రం పనిచేయని రోజులను సున్నాగా కాక ఖాళీగా చూపాలి. నిన్న ఇచ్చిన అంచనాను చెరిపేయకుండా జరిగినదాని పక్కన నిలబెట్టి, జిల్లాలవారీగా ఎంత సరిపోయిందో ప్రతి నెలా తెలుగులో ప్రకటించాలి. పాఠకులు చేయగలిగింది కూడా ఉంది. ఈ వానాకాలం యాప్ తెరిచే ముందు మీ మండలంలో వాన కొలిచే కేంద్రం ఏ ఊళ్లో ఉందో కనుక్కోండి, దాని అంకెను నెల రోజులు మీ యాప్ అంచనాతో పోల్చి చూడండి. కొలత ఆగిపోయినా, అంకె తేడాగా ఉన్నా మండల కార్యాలయంలో అడగండి. ఆ యంత్రాలు మన పన్నులతో పెట్టినవి.